కండి మూసిన నీటికోడి

అనగనగా ఒక అడవి. మీరనుకునే పులుల అడవి కాదు. అది కొండల మీద మొదలై, దిగుతూ దిగుతూ వచ్చి, చివరికి నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చునేది. ఆ కాళ్లు తడిసే చోటే మన కథ. అక్కడ నేల ఉందా అంటే ఉంది. నీళ్లు ఉన్నాయా అంటే ఉన్నాయి. నిలువెత్తు జమ్ము, జమ్ము పక్కన తుంగ, తుంగ మొదళ్లలో కప్పలు, కప్పల కోసం కొంగలు.

ఆ జమ్ములో ఒక నీటికోడి ఉండేది. ఒళ్లంతా నలుపే. నుదుటి మీద మాత్రం కుంకుమ పెట్టినట్టు ఎర్రటి మచ్చ. అందుకని అందరూ దాన్ని బొట్టమ్మ అని పిలిచేవారు.

బొట్టమ్మకి నిలకడ లేదు. కాలుకాలిన పిల్లిలా తిరిగేది. మేత మేస్తున్నా దాని తోక ఆడుతుండేది. ఈదుతున్నా ఆడుతుండేది. నిద్రపోతున్నప్పుడు కూడా టిక్కుటిక్కుమని కదిలేది. ఎవరైనా "కాసేపు కూర్చో" అంటే చాలు, "ఆలస్యం అమృతం విషం" అని చెప్పి వెళ్లిపోయేది. ఎక్కడికి వెళ్తోందో దానికీ తెలియదు.

ఆ చిత్తడిలో ఒక ఆనవాయితీ ఉంది. ఏటా తొలకరి పడగానే పిల్లలందరూ మడుగు ఒడ్డున చేరాలి. డిప్పయ్య తాత అనే ముసలి తాబేలు వాళ్లకి అయిదు మాటలు నేర్పుతాడు. ఆ అయిదూ అప్పజెప్పినవాళ్లే సొంతంగా గూడు కట్టుకోవాలి.

బొట్టమ్మ పిల్లగా ఉన్నప్పుడు అదీ వెళ్లింది. తాత గొంతు సవరించుకున్నాడు.

"మొదటి మాట చిత్తడి. చిత్తడి అంటే తడి నేల. అయితే..."

తాత ముసలివాడు కదా, 'అయితే' తర్వాత ఊపిరి తీసుకోవాలి. ఆయన ఊపిరి తీసుకునేలోగా ఒక తూనీగ అటు పోయింది. తూనీగ వెంట బొట్టమ్మ పోయింది. సగం మాట ముక్కున కరుచుకుని, నాలుగున్నర మాటలు ఒడ్డున వదిలేసి పోయింది.

పెద్దదయ్యాక మాటలు అప్పజెప్పకుండానే గూడు కట్టేసింది. అదేమని ఎవరూ అడగలేదు. అడిగేదాకా అది ఒకచోట నిలబడితే కదా.

తక్కిన పక్షులన్నీ వానాకాలంలోనే గుడ్లు పెట్టి, పిల్లల్ని తీసి, వాటికి ఈత కూడా నేర్పేశాయి. బొట్టమ్మ మాత్రం ఇక్కడ కట్టింది, పీకింది. అక్కడ కట్టింది, పీకింది. మూడోచోట కట్టి గుడ్లు పెట్టేసరికి మాఘమాసం వచ్చింది.

ఆ చిత్తడికి తూర్పున గట్టు తెగి ఒక దారి ఉంది. దాన్ని కండి అంటారు. వానలకి కొండల మీది నీళ్లన్నీ వచ్చి చిత్తడిలో నిండుతాయి. చలి తగ్గేసరికి కండిలోంచి మెల్లగా ఏట్లోకి వెళ్లిపోతాయి. ఏటా ఇంతే. ఆ ఏడూ అలాగే వెళ్లాయి. నీళ్ల మధ్య ఉండాల్సిన బొట్టమ్మ గూడు ఆరిన నేల మీద మిగిలింది. నక్క కాలికి తడి అంటకుండా నడిచొచ్చి అయిదు గుడ్లూ తినిపోయింది.

బొట్టమ్మ మేత నుంచి వచ్చి ఖాళీ గూడు చూసింది. గూడు చుట్టూ పరుగెత్తింది. జమ్ములో వెతికింది. మళ్లీ గూట్లో చూసింది. గూటి పక్కనే కూలబడి ఏడ్చింది.

డిప్పయ్య తాత నడుచుకుంటూ వచ్చాడు. వచ్చేసరికి సాయంత్రమైంది.

"వచ్చే ఏడు వానల్లోనే పెట్టు అమ్మడూ," అన్నాడు. "మడుగు దగ్గర పెట్టు. మడుగు అంటే ఎండాకాలం కూడా ఎండని లోతు. అక్కడికి నక్క రాదు."

"నీళ్లు వెళ్లిపోబట్టే కదా తాతా నా గుడ్లు పోయాయి? ఇకమీదట నీళ్లని పోనివ్వను."

"నువ్వు మొదటి మాటే సగం విన్నావు. తక్కిన సగం వినిపో."

"వింటే నా గుడ్లు తిరిగొస్తాయా?"

తాత తల డిప్పలోకి లాక్కున్నాడు.

మళ్లీ వానలు కురిశాయి. చిత్తడి నిండింది. బొట్టమ్మకి ఆ ఏడు గుడ్ల ధ్యాసే లేదు. దాని ధ్యాసంతా కండి మీదే ఉంది. చలి తగ్గుతుండగా అది మోరయ్య దగ్గరికి వెళ్లింది. మోరయ్య అడవిపంది. మంచివాడే. బురదంటే ప్రాణం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మనుషులు అంటుంటారని ఎవరో చెబితే, "కడగడం దేనికి?" అని అడిగినవాడు.

"మామా, ఏడాది పొడుగునా బురద కావాలా?"

"అది అడగాలా తల్లీ?"

"అయితే ఆ కండి మూసెయ్యి."

మోరయ్య మోరతో మన్ను నెట్టాడు. పీతలు బంకమట్టి మెత్తాయి. బొట్టమ్మ ఎండు జమ్ము మోసుకొచ్చి మట్టిలో తొక్కింది. మొదటి రోజు నీళ్ల జోరు తగ్గింది. రెండో రోజు సన్నటి ధార మిగిలింది. మూడో రోజు అదీ ఆగిపోయింది.

ఆ ఎండాకాలం చిత్తడి నిండుగా ఉంది. మోరయ్య మెడదాకా బురదలో పడుకున్నాడు. పీతలు బొట్టమ్మని మెచ్చుకున్నాయి. కొంగలు కూడా మెచ్చుకున్నాయి. డిప్పయ్య తాత మాత్రం వచ్చి, కొత్త గట్టుని ఒక చూపు చూసి మడుగులోకి వెళ్లిపోయాడు. ఆ చూపు బొట్టమ్మకి ముల్లులా గుచ్చుకుంది.

ఈసారి తొలకరి పడగానే జమ్ములో గూడు కట్టింది. నాలుగు గుడ్లు పెట్టింది. ఇరవై ఒక్క రోజులు పొదగాలి. ఆరో రోజు కుండపోతగా వాన పడింది. నిండు చిత్తడిలోకి కొండనీళ్లు వచ్చి పడ్డాయి. పోయే దారి లేదు. చూస్తుండగానే నీళ్లు లేచాయి, గూడు మునిగింది, గుడ్లు దొర్లిపోయాయి.

"వానది తప్పు," అంది బొట్టమ్మ. గట్టు తెగబోతుంటే మోరయ్య చేత ఇంకా ఎత్తు పోయించింది.

ఆ తర్వాత ఒకటొకటిగా మొదలైంది. ముందు తుంగ మొదళ్లు కుళ్లాయి. తర్వాత జమ్ము వంగి పడిపోయింది. ఆ ఖాళీలోకి గుర్రపుడెక్క వచ్చి చేరింది. ఊదారంగు పూలతో చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ దాని కింద నీటికి ఎండ లేదు, గాలి లేదు. ఒకరోజు బొట్టమ్మకి ఏదో వెలితిగా అనిపించింది. ఇటు తిరిగింది, అటు తిరిగింది. ఏమిటా అని ఆలోచిస్తే కప్పల అరుపు వినబడటం లేదు.

ఎక్కడా నచ్చక, చివరికి అది కొత్త గట్టు మీదే గూడు కట్టుకుంది. నీళ్లలో మునగనంత ఎత్తు. చుట్టూ చచ్చిన గుర్రపుడెక్క కప్పింది, నక్కకి కనబడకుండా. వైశాఖంలో అయిదు గుడ్లు పెట్టింది. ఈసారి కూర్చుంది. కూర్చుని లేచేది. లేచి మళ్లీ కూర్చునేది. ఎలాగైతేనేం పన్నెండు రోజులు గడిపింది.

పన్నెండో రోజు మిట్టమధ్యాహ్నం నీళ్లలోంచి చిన్న గొంతు వినబడింది.

"అక్కా."

చూస్తే ఒక చిన్న చేప, పరిగెపిల్ల. నోరు నీళ్ల పైకి పెట్టి తెరుస్తోంది, మూస్తోంది. దాని వెనక వందల నోళ్లు.

"నీళ్లలో ఊపిరి ఆడటం లేదక్కా. నిన్నటి నుంచి చచ్చిపోతున్నాం."

మోరయ్య కూడా వచ్చాడు. ఒళ్లంతా గోక్కుంటున్నాడు. బురద మురిగి ఆయన చర్మం పుండ్లు పడింది.

"కండి తెరవాలి తల్లీ," అన్నాడు. "ఇందాకే వచ్చి తెరిచేసేవాణ్ణి. కానీ నీ గూడు దాని మీదుంది. నువ్వు చెప్పందే మోర పెట్టను."

"తొమ్మిది రోజులు ఆగు మామా. తొమ్మిదే. పిల్లలు వచ్చేస్తారు."

ఎన్నడూ ఎవరినీ ఆగమని అననిది ఇప్పుడు ఆగమంటోంది, చూశారా.

"రేపటికే ఉంటామో లేదో అక్కా," అంది పరిగెపిల్ల.

బొట్టమ్మ గుడ్లకేసి చూసింది. వాటిలో అప్పుడప్పుడూ ఒక కదలిక తెలుస్తోంది. నీళ్లకేసి చూసింది. ఖాళీ గూడు ఎలా ఉంటుందో దానికి తెలుసు. రెండుసార్లు చూసింది. ఆ నీళ్ల నిండా తల్లులే ఉన్నారని, వాళ్లందరి గూళ్లూ తనే ఖాళీ చేస్తోందని ఆ నోళ్లు చూస్తుంటే అర్థమైంది. ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే చెప్పింది.

"తవ్వు మామా."

అప్పుడు గట్టు కింద నుంచి ఎవరో దగ్గారు. డిప్పయ్య తాత. తెల్లవారుజామున మడుగులో బయలుదేరి అప్పటికి చేరాడు.

"నా వీపు ఖాళీగానే ఉంది," అన్నాడు. "గూడు దాని మీద పెట్టండి. మడుగు ఒడ్డుకి తీసుకెళ్తాను. కానీ వీపు గుండ్రంగా ఉంటుంది అమ్మడూ. నువ్వు కదిలావా, గుడ్లు దొర్లుతాయి."

మోరయ్య మోరతో గూటిని మెల్లగా నెట్టి తాత వీపు మీదికి చేర్చాడు. బొట్టమ్మ ఎక్కి కూర్చుంది. తాత నడక మొదలుపెట్టాడు. వెనక మోరయ్య గట్టు తవ్వుతున్న చప్పుడు.

ఆ నడక గురించి ఏం చెప్పమంటారు? పక్కన నత్త ఉంటే దాటేసి పోయేది. బొట్టమ్మకి కాళ్లు తిమ్మిరెక్కాయి. మెడ నొప్పి పుట్టింది. తోక ఆడించాలని ప్రాణం కొట్టుకుపోయింది.

"తాతా, కొంచెం తొందరగా."

"నిదానమే ప్రధానం. అన్నట్టు, అప్పుడు నువ్వు వెళ్లిపోయావు. ఇప్పుడు తూనీగ వచ్చినా వెళ్లలేవు. విను. చిత్తడి అంటే తడి నేల. అయితే..."

తాత ఊపిరి తీసుకున్నాడు. బొట్టమ్మ ఎదురుచూసింది. ఇంకేం చేస్తుంది?

"అయితే కొన్నాళ్లు తడి, కొన్నాళ్లు పొడి. నీళ్లు రావాలి, పోవాలి. రాకపోతే అది బీడు. పోకపోతే మురుగు. వచ్చిపోతేనే చిత్తడి."

బొట్టమ్మ ఆ మాట లోపలే ఒకసారి చెప్పుకుంది.

"రెండో మాట కండి, దాని ముక్కు. ముక్కు మూస్తే ఏమవుతుందో చూశావు. మూడోది మడుగు, అది నీళ్లు దాచుకునే చోటు. నాలుగో మాట ఒండ్రు. నీళ్లు వెళ్తూ వెళ్తూ వదిలిపోయే మెత్తటి మన్ను. అయిదోది..."

అప్పుడే ఎడమ పక్క పొదలో ఆకులు కదిలాయి. నక్క. బొట్టమ్మ తోక టిక్కుమని ఆడింది. ఒక్కసారే. గూడు ఒరిగింది. ఒక గుడ్డు దొర్లింది, దాని వెనక ఇంకొకటి.

"కదలకు," అన్నాడు తాత. "లేస్తే మూడూ పోతాయి. నువ్వు కదలకపోతే వాడికి చచ్చిన గుర్రపుడెక్కలా కనబడతావు."

వెనక నక్క గుడ్డు పగలగొట్టిన చప్పుడు వినబడింది. అది విని కూడా కూర్చోవడం ఎంత కష్టమో చెప్పలేను. బొట్టమ్మ కూర్చుంది. కళ్లు మూసుకుంది, మూడు గుడ్ల మీదా ఒళ్లు దించింది. తోక ఆడలేదు. రెక్క ఆడలేదు. నక్క మూతి నాక్కుంటూ పక్కగా వచ్చి, తాబేలు వీపు మీద చెత్త మోసుకుపోతోందనుకుని వెళ్లిపోయింది.

మడుగు ఒడ్డు చేరేసరికి కండి పూర్తిగా తెగింది. మురిగిన నీళ్లన్నీ ఏట్లోకి ఉరికాయి. చేపలు కొన్ని ఏట్లోకి, కొన్ని మడుగులోకి ఎదురీదుకుంటూ వచ్చి చేరాయి.

"అయిదో మాట నిద్దర గింజలు," అన్నాడు తాత, గూడు దింపించుకుంటూ. "ఒండ్రులో తుంగ గింజలు ఏళ్ల తరబడి పడుకుని ఉంటాయి. నేల ఆరి, ఎండ తగిలి, పగుళ్లు విచ్చితే గాని వాటికి మెలకువ రాదు. ఇక నేనూ పడుకోవాలి. ఎండలు ముదిరాయి." అలా అని బురదలోకి దూరి మట్టి కప్పేసుకున్నాడు. మళ్లీ వాన పడేదాకా లేవడు.

బొట్టమ్మ ఒక్కతే మిగిలింది.

చిత్తడి ఆరిపోయింది. గుర్రపుడెక్క ఎండి గలగలలాడింది. నల్లటి నేల నెర్రెలిచ్చింది. కొంగలు "ఇక్కడింకేముంది" అని లేచిపోయాయి. పీతలు బొట్టమ్మ గూటి దగ్గరికి వచ్చి, మూసింది నువ్వే, తెరిచిందీ నువ్వే అని దెప్పాయి. అది నిజమే కాబట్టి బొట్టమ్మ ఊరుకుంది.

మోరయ్య వచ్చాడు.

"నేల చచ్చిపోయింది తల్లీ. మోరతో దున్నేస్తాను. ఏట్లోంచి జమ్ము తెచ్చి పాతుదాం. ఏదో ఒకటి చెయ్యాలి కదా."

ఆ మాట ఇదివరకైతే బొట్టమ్మే అనేది. ఇప్పుడు కూడా కాళ్లు లేవబోయాయి. కడుపు కింద మూడు గుడ్లు వెచ్చగా తగిలాయి.

"వద్దు మామా. ఒండ్రులో నిద్దర గింజలున్నాయి. తొక్కకు."

"ఎక్కడ? నాకు పగుళ్లు తప్ప ఏమీ కనబడటం లేదు."

"నాకూ కనబడటం లేదు. గుడ్లో పిల్ల మాత్రం కనబడుతోందా?"

చెప్పింది గాని, దానికీ లోపల గుబులుగానే ఉంది. గింజలు కూడా కుళ్లిపోయి ఉంటే? తాత లేచేసరికి ఏమీ మిగలకపోతే? రోజూ పొద్దున్నే నెర్రెల్లోకి తొంగిచూసేది, సాయంత్రం మళ్లీ చూసేది. మోరయ్య మాత్రం ఆ మాట మీద గౌరవంతో నేల చుట్టూ తిరిగి వెళ్లేవాడు, మధ్యలో కాలు పెట్టేవాడు కాదు.

తొమ్మిదో రోజు గుడ్లు చిట్లాయి. మూడు నల్లటి పిల్లలు. తర్వాత ఇరవై రోజులకి వాన పడింది.

వాన వెలిసిన మూడో నాడు నెర్రె అంచున ఒక పచ్చటి పోగు కనబడింది. దారం ముక్కేమో అనుకుంది బొట్టమ్మ. ముక్కుతో తాకింది. వేరుంది. పక్కన ఇంకొకటి, ఆ పక్కన పది. వారం తిరిగేసరికి నల్లటి నేల నిండా తుంగ మొలకలు. ఒక సాయంత్రం ఎక్కడో ఒక కప్ప బెకబెకమంది. బొట్టమ్మ మోరయ్యని పిలవబోయి, ఇంకో అరుపు వినబడుతుందేమోనని నిలబడింది.

అంతా ఒక్కసారే బాగుపడలేదు. తుంగ ఆ ఏడే వచ్చింది. జమ్ము నిలువెత్తు కావడానికి మూడేళ్లు పట్టింది. కొన్ని కొంగలు తిరిగొచ్చాయి, కొన్ని రాలేదు. డిప్పయ్య తాత మట్టి దులుపుకుని లేచి, మొలకలు చూసి, "ఊఁ" అన్నాడు. అంతకు మించి మెచ్చుకోవడం ఆయనకి రాదు.

తుంగ మొలిచిన ఆ ఏడు మాఘంలో నీళ్లు మళ్లీ కండి వైపు కదిలాయి. మూడు పిల్లల్లో ఆఖరిదానికి నుదుట బొట్టు అప్పుడప్పుడే పెడుతోంది. తోక ఒక్కచోట నిలవదు. అది పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, నీళ్లు పోతున్నాయి. మోరయ్య తాతని పిలిచి కండి మూయించనా? తొందరగా చెప్పు."

బొట్టమ్మ లోపల ఒక్క క్షణం పాత భయం కదిలింది. ఖాళీ గూళ్లు గుర్తొచ్చాయి. తాత వీపు మీంచి దొర్లిన రెండు గుడ్లు గుర్తొచ్చాయి.

"కూర్చో," అంది. "చిత్తడి అంటే తడి నేల. అయితే..."

ఒక తూనీగ అటు పోయింది. పిల్ల తల తిప్పింది. కాళ్లు లేచాయి.

బొట్టమ్మ రెక్క చాపి పిల్లని దగ్గరికి లాక్కుంది. తూనీగ వెళ్లిపోయేదాకా పట్టుకుని, తక్కిన సగం చెప్పింది.

నీతి: సగం తెలిసి చేసిన మేలు కీడై కూర్చుంటుంది. దేన్నైనా బాగుచేయాలంటే ముందు దాని స్వభావం పూర్తిగా తెలుసుకోవాలి, ఆ తర్వాత దానికి కావలసినంత కాలం ఇవ్వాలి.